నీలం డబ్బాలో పాలపిట్ట

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను వాసనలే అమ్మాను. పౌడర్లు, తలనూనెలు, సెంట్లు. సైకిలు హ్యాండిలుకు తోలు సంచి, సంచి నిండా నమూనా సీసాలు. ఏ పెండ్లికి పోయినా నేను గడప దాటకముందే నా చొక్కా వాసన పందిట్లోకి పోయేది. ఇప్పుడు అమ్మకాల ఉద్యోగాల్లో చేరే పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, "సార్, ఇంటింటికీ టీవీ లేని రోజుల్లో మీరు సరుకు ఎట్లా అమ్మేవాళ్ళు?" అని అడుగుతారు. వాళ్ళకు నేను చెప్పేది ఒక దసరా కథ. విని చప్పట్లు కొడతారు. చప్పట్లు పడేలా చెప్పడం నా వృత్తి. అందులో నాకు నచ్చని ముక్కలు వదిలేసి చెప్పేవాణ్ణి. ఈసారి వదలకుండా రాస్తాను.

ఎనభైల మొదట్లో సంగతి. మా కంపెనీ హైదరాబాదులో చాలా చిన్నది. ఒక ఓనరు, పీపాల్లోంచి సీసాలు నింపే కొందరు ఆడవాళ్ళు, ఊళ్ళు తిరిగే నాలాంటి ప్రతినిధులు నలుగురైదుగురు. ఓనరు బొంబాయి పోయి వచ్చిన ప్రతిసారీ ఒక కొత్త ఆలోచన పట్టుకొచ్చేవాడు. ఆసారి వస్తూనే, "ఇంటికి ఒక్క సెంటు సీసా ఏమిటి? మగవాళ్ళకు వేరే, ఆడవాళ్ళకు వేరే. ఇంటికి రెండు అమ్ముతాం" అన్నాడు. డబ్బాలు అప్పటికే అచ్చు వేయించుకొచ్చాడు. నీలం డబ్బా మీద మోటారు సైకిలెక్కిన మీసాలాయన. గులాబీ రంగు డబ్బా మీద జడ నిండా పూలు పెట్టుకున్న అమ్మాయి.

ఇంకా తేలనిది ఒక్కటే. పీపాలు రెండున్నాయి. ఒకటి మల్లెపూల వాసన, ఒకటి వట్టివేళ్ళ వాసన. ఏది ఏ డబ్బాలోకి? స్టాకు కోసం వెళ్ళిన నేను అక్కడే చాయ్ తాగుతున్నాను. ఓనరు నా వైపు చూశాడు.

"పూలు ఆడవాళ్ళవి గదా సార్. మల్లె గులాబీ డబ్బాల పోయిన్రి, వట్టివేరు నీలం డబ్బాల పోయిన్రి" అన్నాను.

"శభాష్" అన్నాడాయన. నా కప్పులో చాయ్ ఇంకా వేడిగానే ఉంది. మగవాసన ఏదో ఆడవాసన ఏదో తేల్చడానికి మా కంపెనీ చేసిన పరిశోధన అంతా అంతే.

రెండు రకాలూ వరంగల్‌లో ఘోరంగా దెబ్బతిన్నాయి. చౌరస్తాలో మా సరుకు ఎక్కువగా అమ్మే ఫ్యాన్సీ దుకాణం ఒకటి ఉండేది. దాని యజమానిని ఊరంతా శేటు అనేవారు, నేనూ అట్లాగే పిలిచేవాణ్ణి. నన్ను ఆయన తమ్మీ అనేవాడు. ఒక రోజు దుమ్ము పట్టిన నా డబ్బాలను చీపురుకట్టతో చూపించాడు.

"తమ్మీ, మా దగ్గర మగోళ్ళు అత్తరు దూది చెవుల పెట్టుకుంటరు. ఆడోళ్ళు పూలు తలల పెట్టుకుంటరు. నీ సీసా ఏడ పెట్టుకోవాల్నో జర నువ్వే చెప్పు."

నిజమే. నేను పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే. మా నాయన కూడా పెండ్లిళ్ళకు మల్లె అత్తరులో ముంచిన దూది చెవి మడతలో పెట్టుకునే బయల్దేరేవాడు. అన్నీ తెలిసి కూడా మల్లె ఆడవాళ్ళదని చెప్పి వచ్చాను. హైదరాబాదు ఆఫీసులో కుర్చీలో కూర్చునేసరికి మా నాయన చెవి నాకు గుర్తు రాలేదు.

అప్పుడు తట్టింది పిట్టల ఆలోచన. సీసాకు మామూలు బిరడా బదులు రంగులేసిన పింగాణీ పిట్ట పెట్టాలి. గులాబీ డబ్బాల్లో చిలుక, నెమలి, హంస, పావురం. డబ్బా తెరిచేదాకా ఏ పిట్ట వచ్చిందో తెలియదు. ఈ దసరాకే, మళ్ళీ చేయం. అప్పట్లో కాస్త ఉన్నవాళ్ళ ఇళ్ళలో కొత్తగా అద్దాల షోకేసులు వెలిశాయి, వాటిలో పెట్టడానికి వస్తువులే తక్కువ. ఓనరు ఎగిరి గంతేశాడు. నేను ఇంకో మెట్టెక్కాను.

"సార్, దసరా పొద్దూకంగ మా దిక్కు అందరు పాలపిట్టను చూస్తానికి పోతరు. కనబడితే ఏడాదంత మంచిగుంటదని నమ్మకం. ఇప్పుడు టౌన్ల పిట్టేడ కనబడ్తాంది? ఐదో పిట్ట పాలపిట్ట చేద్దాం. అది ఒక్క నీలం డబ్బాలనే పెడదాం. ఆడోళ్ళే ఉరికొచ్చి మగోళ్ళ సెంటు కొంటరు."

నినాదం కూడా నేనే రాశాను. 'ఈ సీసా ఉన్న ఇంట్లో మగాడు ఉన్నట్టే!' స్టేషను గోడ మీద, సినిమా హాళ్ళ పక్క సందుల్లో సున్నం మీద నీలంతో రాయించాను. రిక్షాకు మైకు కట్టించి, ఇంకెవరి గొంతూ నచ్చక నేనే ఎక్కి కూర్చుని అరిచాను.

అబ్బ, ఆ పక్షం రోజులు! ఇన్నేళ్ళ తర్వాత రాస్తుంటే కూడా కాళ్ళు నిలవడం లేదు. పొద్దున శేటు తలుపులు తీసేసరికే మెట్ల మీద జనం. డబ్బా కొని ఇంటిదాకా ఆగేవాళ్ళు కాదు. అక్కడే చింపి, పిట్ట చూసి, కేకలు వేసేవాళ్ళు. దుకాణం ముందు అరుగు మీద మార్పిడి బజారు పుట్టింది. చిలుకలు ఎక్కువై చిలుక ధర పడిపోయింది, నెమలి కోసం బతిమాలుకోవడాలు. డోర్నకల్ నుంచి ఒక రైల్వే గార్డు భార్య పాసింజరు బండెక్కి వచ్చి, రెండు హంసలిచ్చి ఒక నెమలిని పట్టుకుని, తిరుగు బండి అందుకోవడానికి కొంగు దోపుకుని పరుగెత్తింది. అరుగు మీద ఇద్దరు తోడికోడళ్ళ బేరం నాకింకా వినబడుతుంది.

"నా నెమలికి తోక కొస ఇరిగింది. నీ చిలుకకు కండ్లే లేవు. సమానం. ఇయ్యక్కా."

"ఓసినీ, తోక లేని నెమలి కోడి గదనే! కోడికి చిలుకనిస్తరా ఎవరన్న?"

పాలపిట్ట సంగతి చెప్పనే అక్కరలేదు. నీలం డబ్బా దొరికిన ఇంటికి చుట్టుపక్కల వాళ్ళు దర్శనానికి పోయినట్టు పోయేవారు. దుకాణంలోకి వచ్చిన ప్రతి ఆడమనిషితోనూ నా మేళం ఒకటే. "ఇది మగవాళ్ళ సెంటు అమ్మా! సారు కోసమేనా?" వాళ్ళు సిగ్గుపడి నవ్వుతారు, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు, డబ్బా అమ్ముడుపోతుంది. రోజూ గొంతు పోయేదాకా ఇదే ఆట.

ఒక సాయంత్రం ఆ గుంపులోంచి ఒకామె ముందుకు వచ్చింది. ముప్పై అయిదు దాటి ఉంటాయి. అంచు లేని తెల్లచీర. ఒక చేతిలో గొడుగు. "నీలం డబ్బా ఒకటి ఇయ్యిన్రి" అంది, మెల్లగా. నేను డబ్బా కోసం వెనక్కి తిరిగే ఉన్నాను. ఆమె మొహం చూడలేదు, నొసలు చూడలేదు. కొనేవాళ్ళ చెయ్యి చూడడమే తప్ప మనిషిని చూడడం నేను ఆ పక్షం రోజులుగా మానేశాను.

"సారు కోసమేనా అమ్మా?" మైకు లేకున్నా మైకు గొంతే.

ఎవరూ నవ్వలేదు. నేను తిరిగి చూశాను. బొట్టు లేదు, పూలు లేవు.

"మా హాస్టల్ పిల్లలు నాలుగు పిట్టలు జమ చేసిన్రు. ఐదోది కావాల్నన్నరు. మగోళ్ళ సెంటు అడగనీకి వాళ్ళకు సిగ్గయితాందట" అంది. డబ్బా తీసుకుని గొడుగు కింద దాచుకుని వెళ్ళిపోయింది. ఆమె హనుమకొండలో ఆడపిల్లల హాస్టలుకు వార్డెను అని శేటు చెప్పాడు. శేటు మేనకోడలు ఆ హాస్టల్లోనే ఉండి చదువుకునేది. ఆ హాస్టలు నడిపేది బజారు వ్యాపారుల కమిటీ. ఆ కమిటీలో అప్పుడు ఒక్క ఆడమనిషి కూడా లేదు.

మూడు నాలుగు రోజులకు మా ఓనరు గుంపును కళ్ళారా చూడాలని వరంగల్ వచ్చాడు. దుకాణంలో నా పక్కనే నిలబడి, అమ్ముడుపోయిన ప్రతి డబ్బాకూ మీసం దువ్వుకుంటున్నాడు. అప్పుడే ఆ హాస్టలు కమిటీ మెంబరు ఒకాయన, బట్టల వ్యాపారి, వచ్చాడు. చేతిలో మా నీలం డబ్బా సీసా. పాలపిట్ట లేదు, మూతికి దూది పెట్టి ఉంది.

"కంపెనీ మనిషివి నువ్వేనా? గిది మగోళ్ళదేనా, ఆడోళ్ళు గూడ వాడుతరా, సాఫ్ చెప్పు. మా హాస్టల్ వార్డెనమ్మ గదిల దొరికింది. పిట్ట పిల్లలకిచ్చిందట, సెంటు తనే పూసుకుంటాందట. ఆడపిల్లల హాస్టల్. పిల్లల తల్లిదండ్రులు అప్పుడే ఆమె గదికి మగోడెవడో వస్తాండని నీ గోడ మీది మాటలు జెప్పుకుంట నవ్వుతాన్రు."

అతను ఎందుకు అడుగుతున్నాడో నాకు పూర్తిగా అర్థమైంది. ఆమె ఎందుకు కొన్నదో నా చెవులతోనే విన్నాను. గుంపు నా నోటి వైపు చూస్తోంది. ఓనరు నా నోటి వైపు చూస్తున్నాడు. ఆడవాళ్ళు కూడా పూసుకోవచ్చంటే ఇంటికి రెండు సీసాల లెక్క అక్కడే పోతుంది.

"అచ్చంగా మగవాళ్ళదే సార్. ఆడవాళ్ళెవరూ వాడరు" అన్నాను.

ఓనరు నా భుజం తట్టాడు. బట్టల వ్యాపారి సీసా జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కూడా నేను ఆ సాయంత్రమంతా ఉత్సాహంగానే అమ్మాను. అది మాత్రం నేను మర్చిపోలేను.

ఓనరు రైలెక్కాక శేటు దుకాణం సర్దుతూ, నా వైపు చూడకుండానే మొదలుపెట్టాడు.

"నోట్ల నాలికేనా తమ్మీ అది, తాటిమట్టనా?"

"వ్యాపారం శేటూ. ఓనరు పక్కనున్నడు."

"నా దుకాణం గాదా ఇది? నాకు వ్యాపారం తెల్వదా? ఆమె మొగడు పోయినంక రఘునాథపల్లిల అన్నలింట్ల ఏండ్లకేండ్లు పేడ తీసింది, ఇంటెడు మందికి వండింది. ఆ చాకిరి చేస్కుంటనే పరీక్షలు రాసింది. గీ వార్డెన్ నౌకరొచ్చినంకనే ఆమెకు తనదని ఒక గది అయింది. రేపు పొద్దుగాల కమిటీ కూసుంటాంది. తీసేస్తే మల్ల ఆ ఇంటికే, ఆ పేడకే. గీసారి బద్నామ్ గూడ ఎంట తీస్కొని పోతది. నీదేం పోయింది? పిట్టలమ్ముకో."

మరునాడు నేను మైకు రిక్షాను పంపించేసి హనుమకొండకు సైకిలు తొక్కాను. ఏం చేయాలో దారిలో తట్టింది. ఒక చాయ్ హోటలు దగ్గర ఆగి, సంచిలోంచి రెండు రకాల సీసాలూ తీసి, నీళ్ళ తొట్టి దగ్గర చీటీలు నానబెట్టి గీకేశాను. పిట్టలు పీకి మామూలు బిరడాలు పెట్టాను. రెండు సీసాలు అన్నదమ్ముల్లా ఒకే రకంగా తయారయ్యాయి. గుండె దడదడలాడుతోంది, భయంతో అని చెప్పను. నాకు ఏదైనా ఎత్తు తడితే అట్లాగే అవుతుంది.

హాస్టలు ముందు హాల్లో కమిటీ కూర్చుని ఉంది. మధ్యలో పెద్దాయన, ధాన్యం వ్యాపారి, ముసలివాడు. తెల్ల ధోవతి, చెవి మడతలో దూది. ఆమె తలుపు పక్కన నిలబడి ఉంది. వెనక వంటగది గుమ్మంలో ఆడపిల్లల తలలు. పిలవకుండా వచ్చిన నన్ను చూసి బట్టల వ్యాపారి, "ఇగో, సాక్ష్యం చెప్పినాయన తనే వచ్చిండు" అన్నాడు.

"సాక్ష్యమే తెచ్చిన సార్" అని రెండు సీసాలు బల్ల మీద పెట్టాను. "ఈ రెండిట్ల మగోళ్ళది ఒకటి, ఆడోళ్ళది ఒకటి. వాసన చూసి ఏదేదో చెప్పిన్రి."

"ఏందిది, ఆటనా?" అన్నాడు పెద్దాయన. కానీ చెయ్యి అప్పటికే ముందుకు వచ్చింది. అత్తరు తెలిసినవాడి ముందు సీసా పెడితే ఊరుకోలేడు. మొదటిది వాసన చూసి తల వెనక్కి వాల్చి, "అహా, ఇది మనదే. మన చెవిల వాసననే" అన్నాడు. పక్కాయన లాక్కున్నాడు. "అవు, మగోళ్ళదే. పక్కా." రెండోది తిప్పారు. "ఇది సల్లగుంది. ఇంట్ల ఆడోళ్ళు నీళ్ళ కుండల ఏస్తరు చూడు, గా వట్టివేళ్ళ వాసన. ఇది ఆడోళ్ళది." ఒకాయన కాదన్నాడు, ఇంకొకాయన అతని ముక్కుకు పడిశం పట్టిందన్నాడు, సీసాలు చేతులు మారుతున్నాయి, హాలంతా ఘుమఘుమ, గొంతులు పెరిగాయి. చివరికి అందరూ ఒక మాట మీదికి వచ్చారు. మల్లె మగవాళ్ళది. వట్టివేరు ఆడవాళ్ళది.

"ఉల్టా సార్" అన్నాను. "మీరు మగోళ్ళదన్నది మేం గులాబీ డబ్బాల అమ్ముతానం. ఆడోళ్ళదన్నది నీలం డబ్బాల, మీసాలాయన బొమ్మ కింద అమ్ముతానం. ఏది ఎండ్ల పొయ్యాల్నో చెప్పింది నేనే. చాయ్ తాగుకుంట చెప్పిన. అండ్ల మగ లేదు, ఆడ లేదు. నిన్న నేను చెప్పింది అబద్ధం."

"మరి నిన్న గట్లెందుకు చెప్పినవయ్యా?" అన్నాడు బట్టల వ్యాపారి.

"మా ఓనరు పక్కనున్నడు సార్."

అందరూ పగలబడి నవ్వారు. వంటగది గుమ్మంలో పిల్లలు కూడా నవ్వారు. గెలిచానని అనుకున్నాను. నేను ఇన్నేళ్ళూ చెప్పిన కథ సరిగ్గా ఇక్కడ ముగుస్తుంది. అసలైంది ముగియలేదు.

నవ్వులు తగ్గాక పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "సరె. మగోళ్ళది గాదు, ఒప్పుకున్నం. ఎవరో వచ్చి మరిచిపోయింది గాదు, అదీ ఒప్పుకున్నం. గని మగోళ్ళదైతేంది, ఆడోళ్ళదైతేంది? ఆమెకు సెంటెందుకు?"

హాలు చల్లబడింది. మగవాళ్ళకు ఒక డబ్బా, ఆడవాళ్ళకు ఒక డబ్బా అని ప్రపంచాన్ని పంచిపెట్టినవాణ్ణి నేను. రెండు డబ్బాల్లో దేనిలోనూ పట్టని మనిషి ఒకామె ఉంటుందని నాకు తోచనేలేదు. నేల చూశాను.

తలుపు దగ్గరి నుంచి ఆమె ఒక అడుగు ముందుకు వేసింది.

"పిల్లలకు పిట్ట తీసిచ్చినంక సీసకు మూత లేకపాయె. దూది పెడదామని పట్టుకుంటె చేతికంటింది. మంచిగనిపించింది పెద్దయ్యా. ఇగ రోజు కొంచెం పూసుకున్న. గంతే." ఆమె బల్ల మీది సీసాల వైపు చెయ్యి చూపించింది. "గులాబి డబ్బా మీద నిండ పూలు పెట్టుకున్న బొమ్మ ఉన్నది. అది నా చేతిల చూస్తే ఒక తిట్టు. ఇది చూస్తే ఇంకో తిట్టు. నా ముక్కు పనిచేస్తాంది గద, దాన్నేం చెయ్యాలె?"

ఆమె పెద్దాయన వైపే చూస్తోంది.

"మీ ఇంటి పెద్దమ్మ పోయి ఏండ్లాయె. మీ చెవిల దూది తీసేసిన్రా?"

ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. బట్టల వ్యాపారి సగం లేచి, "ఎవరితోని మాట్లాడుతానవ్..." అన్నాడు. పెద్దాయన చెయ్యెత్తి అతన్ని కూర్చోబెట్టాడు. ఆ చెయ్యి అట్లాగే చెవి దగ్గరికి పోయింది, దూదిని ముట్టింది, తీయలేదు. ఆ ముసలాయన మొహంలోకి కోపం వచ్చిపోవడం, దాని వెనక ఇంకేదో రావడం చూశాను.

"పిల్లలు తిన్నరా?" అన్నాడు చివరికి.

"ఇంక లేదు."

"మల్ల ఈడేం చేస్తానవ్? పో, వాళ్ళకు పెట్టు."

అంతే తీర్మానం. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి ఈ సంగతి బజారంతా పాకింది. మగవాళ్ళు మల్లె కోసం గులాబీ డబ్బా అడిగారు, ఆడవాళ్ళు తమకే అని చెప్పి నీలం డబ్బా అడిగారు. దసరాకు ముందే సరుకు అయిపోయింది. ఓనరు ఇదంతా నా ఎత్తు అనుకున్నాడు. నన్ను నాలుగు జిల్లాల మీద పెద్దను చేశాడు. నేను కాదనలేదు. చీటీలు గీకిన సీసాల కథ మీటింగుల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. దుకాణంలో నేను ఆడిన అబద్ధం చెప్పలేదు. ఆమె అడిగిన ప్రశ్న అంతకన్నా చెప్పలేదు. చెబితే హాల్లో నేల చూస్తూ నిలబడ్డవాణ్ణి నేనే అవుతాను కదా.

ఆ పొద్దున కమిటీ లేచి వెళ్ళాక నేను హాస్టలు గేటు దగ్గర ఆగిపోయాను. పిల్లల భోజనాలయ్యాక ఆమె బయటికి వచ్చింది. నేను సంచిలోంచి కొత్త నీలం డబ్బా తీసి రెండు చేతులతో పట్టుకున్నాను.

"తప్పయిందక్కా."

"ఏది? నిన్న చెప్పిందా, దుకాణంల అందరి ముంగట ఒర్రిందా, గోడ మీద రాసిందా?"

ఆమె నా చేతిలో డబ్బా వైపు చూసింది.

"కమిటోళ్ళు నా సీస గుంజుకపోయిన్రు. దీని ధరెంత?"

"వద్దక్కా, ఉంచుకో."

"పుణ్యానికి తీస్కుంటె నీ పేరు మీద ఇంకో కథ కడ్తరు. పైసలు పట్టు."

తీసుకున్నాను. ఆమె అక్కడే, దారిన పోయేవాళ్ళు చూస్తుండగానే, డబ్బా తెరిచి సీసా బయటికి తీసింది. పాలపిట్టను తిప్పి తీసి, మణికట్టుకు ఒక చుక్క రాసుకుని, మళ్ళీ బిగించింది. తర్వాత మీసాలాయన బొమ్మ ఉన్న ఖాళీ డబ్బాను నా చేతిలో పెట్టి, "ఇది నీది" అని లోపలికి వెళ్ళిపోయింది.

వట్టివేళ్ళ వాసన ఇంకా గేటు దగ్గరే ఉంది. ఆ ఖాళీ డబ్బాను ఎక్కడ పారేయాలో తోచక, సైకిలు హ్యాండిలు మీద పెట్టుకుని నడిపించుకుంటూ వచ్చాను.